‘ఐడెంటిఫయర్’ను గుర్తు అనాలా, ఆనవాలు అనాలా?

ప్రశ్న (మహబూబ్‌నగర్ నుంచి):

పాలిటెక్నిక్ విద్యార్థుల కోసం లినక్స్ కెర్నల్ (హార్డ్‌వేర్‌ను నడిపే, ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండె వంటి ప్రోగ్రాము) మీద తెలుగులో పాఠం రాస్తున్నాను. పరికరాల ఐడెంటిఫయర్లను కెర్నల్ యూజర్‌స్పేస్‌కు, అంటే కెర్నల్ బయట నడిచే మామూలు ప్రోగ్రాములకు, ‘ఎక్స్‌పోజ్’ చేస్తుందని చెప్పవలసిన చోట కలం ఆగిపోయింది. ‘కెర్నల్ హార్డ్‌వేర్ గుర్తింపు సంఖ్యలను బహిర్గతం చేస్తుంది’ అని రాసి ఇంట్లో చదివి వినిపిస్తే, ‘ఏం కుంభకోణం బయటపడింది?’ అని అడిగారు. మీరైతే ఎట్లా రాస్తారు?

జవాబు (నల్లగొండ నుంచి):

మేడమ్, మీ ఇంటివాళ్ల చెవి సరిగ్గానే పట్టింది. దాచినది దాచినవాడి ఇష్టానికి విరుద్ధంగా బయటికి వచ్చినప్పుడే మనం ‘బహిర్గతం’ అంటాము. ఇక్కడ కెర్నల్ తానుగా ఏర్పాటు చేసి చూపుతున్నది. 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నల్‌తో స్థిరపడిన సిస్ఎఫ్ఎస్ అనే, పరికరాల వివరాలు చూపే ఫైళ్ల అమరికలో ప్రతి పరికరానికీ ఒక డైరెక్టరీ, దాని ఒక్కొక్క వివరానికీ ఒక చిన్న ఫైలు ఉంటాయి. ఆ ఫైలును తెరిచిన ప్రోగ్రాముకు కెర్నల్ అప్పటికప్పుడు జవాబు చెబుతుంది. కాబట్టి నేను ‘చదవనిస్తుంది’ అని రాస్తాను. ‘ఎక్స్‌పోజ్’ అన్నప్పుడు ఎవరికి అన్న ప్రశ్న తట్టకుండా దాటిపోవచ్చు గాని, ‘చదవనిస్తుంది’ అనగానే ‘ఎవరిని?’ అని అడగబుద్ధి అవుతుంది. అసలు విషయమంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

ఇక ఐడెంటిఫయర్. ఈ ఒక్క మాట కింద రెండు వేరువేరు సంగతులు ఉన్నాయి. పెబ్బేరు అంగడిలో ఎద్దును చూపి ‘ఇది ఒంగోలు జాతి’ అనడం ఒకటి, దాని చెవి ట్యాగు మీది 12 అంకెల సంఖ్యను చదవడం మరొకటి. కంప్యూటరు లోపల బిగించే పీసీఐ కార్డు తయారీదారు సంఖ్య 8086 అయితే అది ఇంటెల్ వారిదని, పక్కనున్న డివైస్ సంఖ్యను బట్టి ఏ మోడలో, దానికి ఏ డ్రైవరు కావాలో తెలుస్తుంది. ఆ మోడల్ కార్డులన్నింటికీ అవే సంఖ్యలు గనుక ఎవరు చదివినా మీ కార్డేదో వేరుగా తేలదు. దీనికి ‘గుర్తు’ చాలు. సీరియల్ నంబరు, నెట్‌వర్క్ కార్డుకు ఉండే మ్యాక్ అడ్రసు అట్లాంటివి కావు; అవి ఫలానా ఒక్క వస్తువునే పట్టి చూపుతాయి. వీటికి నేను ‘ఆనవాలు’ అంటాను. సుగ్రీవుడు నాలుగు దిక్కులకూ వానరులను పంపినా రాముడు ఉంగరాన్ని హనుమంతుడి ఒక్కడి చేతికే ఇచ్చాడు. ఆనవాలు అడిగినవాడికల్లా ఇచ్చేది కాదు.

కెర్నల్ కూడా కొంతవరకు అట్లాగే నడుస్తుంది. కంప్యూటరు సీరియల్ నంబరు, యూయూఐడీ (మరి దేనికీ లేకుండా ఇచ్చే పొడవైన సంఖ్య) ఉండే డీఎంఐ ఫైళ్లను, అంటే కంప్యూటరు తయారీ వివరాల ఫైళ్లను, సర్వాధికారాలున్న ‘రూట్’ ఖాతాను మాత్రమే చదవనిస్తుంది. నెట్‌వర్క్ కార్డు మ్యాక్ అడ్రసును మాత్రం ఏ మామూలు ప్రోగ్రామునైనా చదవనిస్తుంది, ఇది నాకు ఎప్పుడూ కొంత వింతగానే తోస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌ను తుడిచి మళ్లీ ఎక్కించినా సీరియల్ నంబరు మారదు గనుక, దాన్ని చదవగల ప్రోగ్రాము నిన్నటి మనిషే నేడు కొత్త పేరుతో వచ్చాడని పసిగట్టగలదు. 2019లో ఆండ్రాయిడ్ 10 వచ్చినప్పుడు ఫోను గుర్తింపు సంఖ్య ఐఎంఈఐని, సీరియల్ నంబరును మామూలు యాప్‌లు చదవకుండా కట్టడి చేసినది ఇందుకే.

ప్రశ్న (మహబూబ్‌నగర్ నుంచి):

‘చదవనిస్తుంది’ నాకు నచ్చింది. ఆనవాలు దగ్గర సందేహం మిగిలింది. శ్రీశైలం నీళ్లలో మునిగిన ఊళ్ల ఆనవాళ్లు ఎండాకాలంలో తేలుతాయని మా వైపు అంటారు. విద్యార్థులకు ముందు ఆ అర్థమే తడుతుంది. మరొకటి, డిస్కును యూయూఐడీతో మౌంట్ చేయమని (వాడుకకు తగిలించమని) చెబుతాము కదా, అది గుర్తా, ఆనవాలా?

జవాబు (నల్లగొండ నుంచి):

మిగిలిన జాడ అన్న అర్థం ఎక్కువగా ‘ఆనవాళ్లు’ అన్న బహువచనంలోనే వినిపిస్తుంది. పాఠంలో ఏకవచనమే వాడితే తికమక తగ్గుతుంది. మీ రెండో ప్రశ్న మరింత మంచిది. మీరు చెప్పినది ఫైల్‌సిస్టమ్ (డిస్కులో ఫైళ్ల అమరిక) యూయూఐడీ, అది హార్డ్‌వేర్‌ది కానే కాదు. అది గొల్లకురుమలు గొర్రె మీద పూసిన రంగు వంటిది. ఉన్ని కత్తిరిస్తే రంగు పోయినట్లు డిస్కును ఫార్మాట్ చేస్తే ఆ యూయూఐడీ పోతుంది, డిస్కును ఉన్నదున్నట్లు మరో డిస్కులోకి నకలు తీస్తే రెండింటికీ అదే ఉంటుంది. దాన్ని ‘పెట్టుడు గుర్తు’ అనండి. డిస్కులకు ఉండే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అన్నవి అంతకంటే తేలిక, అవి కెర్నల్ కంట పడిన వరుసను బట్టి వచ్చే పేర్లు, రేపు తారుమారు కావచ్చు. యూజర్‌స్పేస్‌ను మాత్రం అట్లాగే ఉంచండి. ‘వాడుకరి స్థలం’ అంటే అక్కడ మనిషి కూర్చున్నాడనుకుంటారు, నిజానికి అక్కడ ఉండేవి ప్రోగ్రాములు.

మహబూబ్‌నగర్ నుంచి:

పాఠంలో వాక్యాన్ని ఇట్లా మార్చాను: ‘పరికరం ఏ రకానిదో చెప్పే గుర్తును కెర్నల్ యూజర్‌స్పేస్‌లోని ప్రోగ్రాములన్నింటినీ చదవనిస్తుంది, ఆ ఒక్క పరికరాన్నే పట్టి ఇచ్చే ఆనవాలును ఎవరిని చదవనివ్వాలో ఫైలు ఫైలుకూ వేరుగా నిర్ణయిస్తుంది.’ మా ఇంట్లో ఈసారి కుంభకోణం గురించి ఎవరూ అడగలేదు.