ఆస్ట్రేలియా ప్రయాణ మినహాయింపు (2021 చివర్లో): అమ్మ పేరు రెండు పత్రాల్లో రెండు రకాలుగా ఉంది

కోవిడ్ వల్ల సరిహద్దులు మూసిన ఆస్ట్రేలియాలోకి 2021లో చాలామంది విదేశీయులు రావాలంటే ప్రయాణ మినహాయింపు కావాల్సి వచ్చేది. ఆ మినహాయింపు కోసం 2021 నవంబరు 1 నుంచి ఆస్ట్రేలియా పౌరుల, శాశ్వత నివాసుల తల్లిదండ్రులను కూడా దగ్గరి కుటుంబంగా లెక్కించడం మొదలుపెట్టారు. నేను మెల్‌బోర్న్‌లో శాశ్వత నివాసిని. 2022 జనవరిలో పురుడు. గుంటూరు నుంచి అమ్మను రప్పించుకోవాలి. అమ్మ వేసుకున్నది కోవాగ్జిన్. దానికీ గుర్తింపు వచ్చింది కనుక టీకాతో పేచీ లేదు. సందర్శక వీసా (600) కూడా ఉంది.

చిక్కంతా పేరుతోనే. నా జనన ధ్రువపత్రంలో అమ్మ పేరు ముందు పుట్టింటి ఇంటిపేరు పొడి అక్షరం ఉంది. తన పాస్‌పోర్టులో నాన్నగారి ఇంటిపేరు పూర్తిగా ఉంది. బంధుత్వానికి ఆధారం చాలలేదంటూ మినహాయింపు దరఖాస్తును తిరస్కరించారు. రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ జతచేసి మళ్లీ పంపినా అదే జవాబు. నా పాస్‌పోర్టు చివరి పేజీలోనూ అమ్మ పాత పేరే ఉంది. పదో తరగతి ధ్రువపత్రం చూస్తే అందులో నాన్నగారి పేరు ఒక్కటే. కన్నతల్లి పేరుకు చోటే లేకపోవడం ఎంత అన్యాయం! జనన ధ్రువపత్రంలో సవరణ చేయించాలంటే పురుడు లోపు అయ్యేలా లేదు.

ఇలా పెళ్లి తర్వాత ఇంటిపేరు మారిన తల్లికి మినహాయింపు తెచ్చుకున్నవారు, ఏ పత్రం జతచేస్తే ఆమోదం వచ్చిందో చెప్పగలరా?