ఇనుపెద్దు దున్నిన మడి: ‘తాన్‌థియెన్’కి తెలుగులో ఏ మాట?

ప్రశ్న

పెద్దలకు నమస్కారం. ఒక చైనా పద్యాన్ని తెలుగు చేస్తూ మొదటి పాదంలోనే ఆగిపోయాను.

బీజింగ్‌లో తెల్లమబ్బు గుడి అని, చైనాలో పుట్టిన తావో మతపు సాధువుల పెద్ద మఠం ఉంది. అక్కడ 1886లో చెక్కించిన రాతిపలక ఒకటి ఉంది, పేరు నెయ్‌చింగ్ థూ. కూర్చున్న మనిషిని పక్కనుంచి చూసినట్టు ఉంటుంది కానీ ఒంట్లో ఎముకలూ పేగులూ కనిపించవు. తల చోట కొండలు, వెన్నెముక చోట వాగు, ఆ వాగు మీద మూడు కోటగుమ్మాలు. అన్నిటికంటే కింద ఒక ఆడపిల్లా ఒక మగపిల్లాడూ నీటిచక్రం తొక్కుతుంటారు. బొడ్డు కింద ఒకతను ఎద్దును కట్టి దున్నుతుంటాడు. ఆ దున్నే చోటునే ‘దాంతియన్’ అంటారట. పలక మీద ఉన్న పద్యం ల్యూ తుంగ్‌పిన్ అనే సిద్ధుడి పేరు మీద చెలామణీలో ఉంది. మొదటి నాలుగు పాదాల భావం ఇది:

ఇనుప ఎద్దు నేల దున్ని బంగారు కాసులు విత్తుతుంది. రాళ్ళు చెక్కే పిల్లాడు ఆ కాసులను తాడుకు గుచ్చుతాడు. ఒక్క ధాన్యపు గింజలో లోకం దాగి ఉంది. చిన్న గిన్నెలో కొండలూ నదులూ ఉడుకుతున్నాయి.

మన యోగా పుస్తకాల్లో దాంతియన్‌ను ‘నాభిచక్రం’ అనో ‘మణిపూరకం’ అనో రాస్తున్నారు. నేనూ అలాగే రాద్దామని కూర్చుని, ‘ఇనుపెద్దు మణిపూరకాన్ని దున్నింది’ అని చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. ఏం చేయమంటారు?

జవాబు

నవ్వు రావడం మంచిదే, మాట అక్కడ పొసగలేదని అదే చెబుతోంది.

ముందు ఉచ్చారణ సంగతి. ఇంగ్లీషు అక్షరాల్లో ‘డి’ చూసి మనం ‘ద’ అనో ‘డ’ అనో రాస్తాం. చైనా భాషలో అది మన ‘త’. ‘టి’ అని రాసేది ఒత్తు ‘థ’. కాబట్టి అది ‘తాన్‌థియెన్’. త, థ తేడా రాయడానికి మనకు అక్షరాలున్నాయి, ఇంగ్లీషువాళ్ళకు లేవు. వాళ్ళ ఇబ్బందిని మనం అరువు తెచ్చుకోవడమెందుకు? ‘డావో’ తప్పు, ‘తావో’ నయం అనేదీ ఇందుకే.

ఇక అర్థం. ‘తాన్’ అంటే ఇంగిలీకం. మన వైద్యులు హింగుళం అనేది అదే, పాదరసమూ గంధకమూ కలిసిన ఎర్రటి ఖనిజం. దాన్ని కాలిస్తే తెల్లగా మెరిసే పాదరసం విడిపోతుంది. పాదరసాన్ని మళ్ళీ గంధకంతో కలిపి వండితే ఎరుపు తిరిగొస్తుంది. చచ్చి తిరిగి పుట్టినట్టుండే ఈ ఎరుపును చూసే చైనా రసవాదులు అమృత గుళిక దీనితోనే అవుతుందని నమ్మారు. అందుకే ‘తాన్’ అంటే గుళిక అనే అర్థం కూడా వచ్చింది. ఆ గుళికలు మింగి చనిపోయిన చక్రవర్తులున్నారు. థాంగ్ వంశంలో వూచుంగ్ 846లో పోయింది వీటివల్లేనని చరిత్రకారులు చెబుతారు. బయట కుంపటి పెట్టి లోహాలు వండే ఈ విద్య అలా పలచబడుతూ, ఒంటినే కుంపటిగా చేసుకునే ‘నెయ్‌తాన్’, అంటే లోపలి రసవాదం, ముందుకొచ్చింది. 1075 నాటి ముందుమాటతో చాంగ్ పోత్వాన్ రాసిన వూచెన్ ఫియెన్ దానికి మూలగ్రంథాల్లో ఒకటి. అందులోని ప్రధాన పద్యాలు 81. వాటిలో సీసం, పాదరసం, పులి, డ్రాగన్ అని కనిపించేవన్నీ ఒంటిలోపలి సంగతులే.

‘థియెన్’ అంటే పొలం. ఆ అక్షరం చూడండి, చదరంలో ఒక అడ్డగీత, ఒక నిలువుగీత. నాలుగు మళ్ళు, నడుమ గట్లు.

కాబట్టి నా ఓటు ‘మడి’కి. ఇంగిలీకపు మడి. చక్రం అనేది వెన్నులో, సుషుమ్న మీద ఉండే పద్మం. అది విచ్చుకుంటుంది. మడి విచ్చుకోదు. దున్నాలి, తడి పెట్టాలి, కలుపు తీయాలి, అదునుకు విత్తాలి. ఈ సంప్రదాయం సాధకుడికి చెప్పేది ఆ చాకిరీ గురించే. మాట మార్చేస్తే చదివేవాడు పువ్వు ఎప్పుడు పూస్తుందా అని కళ్ళు మూసుకుని కూర్చుంటాడు.

మరొకరు

గురువుగారూ, ‘మడి’ అనగానే మా ఇంట్లో తడిబట్ట కట్టుకుని ఎవరూ తాకకుండా వంట చేసే మా నాయనమ్మ గుర్తొస్తుంది. బొడ్డు కింద మడి అంటే పాఠకుడు ఇంకేదో అనుకునే ప్రమాదం ఉంది.

‘క్షేత్రం’ ఎందుకు కాకూడదు? గీత పదమూడో అధ్యాయంలో ‘ఇదం శరీరం కౌంతేయ క్షేత్రమిత్యభిధీయతే’ అనే ఉంది కదా. ఒళ్ళే పొలం అన్న మాట మనకు సిద్ధంగా ఉండగా వేరే వెతుకులాట దేనికి?

జవాబు

గీత మాట బాగా పట్టుకున్నారు. అయినా రెండు ఇబ్బందులు. గీతలో ఒళ్ళంతా కలిపి ఒకే క్షేత్రం, దాన్ని ఎరిగినవాడు క్షేత్రజ్ఞుడు. అక్కడ ఎరగడమే పని, దున్నడం కాదు. తావోవాళ్ళకు ఒంట్లో పొలాలు మూడు. నాలుగో శతాబ్దంలో కో హుంగ్ అనే తావో పండితుడు వాటికి కొలతలు కూడా ఇచ్చాడు. బొడ్డుకు 2.4 చైనా అంగుళాల దిగువన కిందిది, గుండె కింద నడిమిది, కనుబొమల నడుమ నుంచి 3 అంగుళాలు లోపలికి వెళితే పైది. సర్వే రాయి పాతినట్టు చెప్పాడు. కిందిదాని కొలత మాత్రం ఒక్కో గ్రంథంలో ఒక్కోలా ఉంటుంది.

రెండో ఇబ్బంది, ఇవాళ తెలుగులో క్షేత్రం అంటే ముందు తట్టేది శ్రీశైలమో తిరుమలో. దండం పెట్టాలనిపిస్తుంది తప్ప నాగలి పట్టుకోవాలనిపించదు.

తెలంగాణ నుంచి ఒకరు

అన్నా, మాకు మడి అంటే ముందు పొలమే గుర్తుకొస్తది. పొలం అంటే వరి పండే తరి, మెట్టదైతే చెలక. పొలంల గట్లు పోసిన ఒక్కో ముక్క మడి. ‘నారుమడి’ అంటే ఆచారం అనుకునేటోడు ఎవ్వడు లేడు. ముందల ఇంకో మాట చేరిస్తే అయిపాయె.

జవాబు

తమ్ముడూ, చిక్కు విప్పావు. ‘నారుమడి’ అంటే ఆచారం ఎగిరిపోతుంది. పైగా ఇది తాన్‌థియెన్‌కి మరీ దగ్గర. నెయ్‌తాన్‌లో కింది మడిలో సిద్ధమయ్యేదాన్ని ‘పవిత్ర పిండం’ అంటారు, పది నెలలు సాకాలి. ఆ తర్వాత అది పై మడికి మారుతుంది. నారు పోసేది ఒక చోట, నాటేది మరో చోట.

తాయ్‌చీ నేర్చుకుంటున్న ఒకరు

నేను తాయ్‌చీ అనే చైనా కసరత్తు క్లాసుకు వెళుతుంటాను. మా కోచ్ ‘దాంతియన్ మీద మనసు పెట్టండి’ అంటాడు, అంతే. మాకెవరికీ అనువాదం అవసరం పడలేదు. మాట అలాగే ఉంచేస్తే ఏం? ఇంకో సందేహం, దీనికీ కుండలినికీ తేడా ఉందా? రెండూ వెన్నులోంచి పైకే కదా పోయేది?

జవాబు

క్లాసులో అలాగే ఉంచండి. కాఫీకి తెలుగు వెతుకుతామా? పద్యంలో మాత్రం ఎద్దు నడుస్తోంది, దాని కాళ్ళకింద నేల ఉండాలి.

తేడా ఉంది, చిన్నదేం కాదు. మామూలుగా చెప్పే కుండలిని కథ నడినెత్తి మీది సహస్రారంలో శివుడిని కలవడంతో కొసకొస్తుంది. నెయ్‌తాన్‌లో పైకి పోవడం సగం దారే. తోకెముక దగ్గర ఒక గుమ్మం, వెన్ను నడుమ ఒకటి, తల వెనక ‘పచ్చరాతి దిండు’ అని ఇంకొకటి. పలక మీది మూడు కోటగుమ్మాలు ఇవే. వీటిని దాటి నడినెత్తికి చేరిన ఊపిరి ముఖం మీదుగా, గుండె మీదుగా ముందువైపు నుంచి దిగి మళ్ళీ కింది మడికే రావాలి. నాలుకను అంగిలికి ఆనించమని మీ కోచ్ చెప్పే ఉంటాడు. వెనక దారినీ ముందు దారినీ కలిపే వంతెన అది. నోట్లో ఊరే లాలాజలాన్ని ఉమ్మేయకుండా మూడు గుటకల్లో కిందికి పంపమనడం కూడా ఇందులోదే, అది మడికి పెట్టే తడి.

పలక అడుగున ఇద్దరు పిల్లలు తొక్కే నీటిచక్రం ఉంది కదా, దాని పని కూడా ఇదే. నీరు పల్లమెరిగి కిందికి పోవడం సహజం. అలా పోనిస్తే మనిషి పుడతాడు, ఎదురు మళ్ళిస్తే సిద్ధుడవుతాడు అన్నది వీళ్ళ మాట. ఏతం తొక్కినవాళ్ళకు ఈ బొమ్మ విడమరచి చెప్పాల్సిన పనిలేదు.

ఊపిరి బిగబట్టి, బలవంతంగా పొట్టలో వేడి పుట్టించుకుని గొప్ప అనుభవం అనుకునేవాళ్ళను చూశాను. ఇక్కడ వేడికి ఒక పద్ధతుంది. ఆ పద్ధతి పేరు ‘హువోహౌ’, చైనా వంటింట్లో ఇవాళ్టికీ వాడే మాటే. పెద్ద మంటను ‘యోధుడి మంట’ అంటారు, చిన్న మంటను ‘పండితుడి మంట’ అంటారు. మొదట కాసేపు మొదటిది, ఆపైన ఎక్కువ కాలం రెండోది. తెలుగులో దీనికి ‘సెగ’ చాలు. ‘అగ్ని నియంత్రణ’ లాంటివి రాయకండి, ఫైరింజను గుర్తొస్తుంది.

ప్రశ్న వేసినవారు

నారుమడి ఖాయం చేసుకున్నాను. సెగ కూడా. ఇంకో రెండు చిక్కులు. వూచెన్ ఫియెన్ అన్న పేరునే ముందుమాటలో తెలుగు చేయాలి. ‘వూ’ అంటే మేలుకోవడం, తెలియడం. ‘చెన్’ అంటే నిజం. ‘నిజం ఎరుక’ అంటే బాగుంటుందా? సాధన చివరి మెట్టు పేరు ‘ష్యూ’. ‘శూన్యం’ అని రాసుకున్నాను, సున్నా అన్నట్టు వినబడుతోంది.

మరొకరు

ఎరుక మంచి మాటే కానీ జాగ్రత్త. మా తాతగారు అచల సిద్ధాంతం వాళ్ళు. వాళ్ళ లెక్కలో ఎరుక సాధించేది కాదు, వదిలించుకునేది. ఎరుక ఉన్నంతకాలం పుట్టుకా చావూ ఉంటాయి, అది లేనిదే బయలు, బట్టబయలు. ఆ సంప్రదాయం తెలిసినవాళ్ళు మీ పుస్తకం పట్టుకుంటే పేరు చూసే గొడవకు దిగుతారు. ‘నిజం తెలిసిన పద్యాలు’ అనేయండి, సాదాగా.

చివరి మెట్టుకు నేను చెప్పే మాట ‘బయలు’. శూన్యం ఖాళీ డబ్బా. బయలు ఖాళీయే కానీ గాలీ వెలుతురూ ఉన్న ఖాళీ, అడ్డు లేని చోటు.

జవాబు

‘బయలు’ నాకు తట్టనందుకు అసూయగా ఉంది. నెయ్‌తాన్ మెట్లు మూడు. సారాన్ని శుద్ధిచేసి ఊపిరిగా మార్చడం, ఊపిరిని శుద్ధిచేసి చైతన్యంగా మార్చడం, చైతన్యాన్ని శుద్ధిచేసి ష్యూకి మళ్ళించడం. తెలుగులో వరసగా పెట్టి చూడండి, గట్లున్న మడిలో మొదలై గట్లు లేని బయలులో తేలుతుంది. మూలంలో లేని అందం ఇది. అనువాదకుడు ఇలాంటిది దొరికితే వదులుకోకూడదని నా అభిప్రాయం, కాదనేవాళ్ళూ ఉంటారు.

‘సారం’ దగ్గర మాత్రం ఆగండి. మూలంలో ‘చింగ్’ అంటే వీర్యం అని రాసేస్తున్నారు. ఆడవాళ్ళు చేసే నెయ్‌తాన్ కూడా ఉంది, వాళ్ళ సాధనకు వేరే గ్రంథాలున్నాయి. వీర్యం అంటే సగం మందిని బయట నిలబెట్టినట్టే. సారం, లేదా సత్తువ.

ప్రశ్న వేసినవారు

ఇదిగో, నాలుగు పాదాలు:

*ఇనుపెద్దు నారుమడి దున్ని పసిడి కాసులు చల్లె,*
*రాళ్ళు చెక్కే పిల్లవాడు తాట వాటిని గుచ్చె.*
*కొర్రగింజ ఒక్కదానిలో లోకమంతా దాగె,*
*సోలెడు గిన్నెలోన కొండలూ ఏళ్ళూ ఉడికె.*

మూలంలో ఉన్న ‘సు’ అనే ధాన్యం కొర్రలేనని తెలిసి ఎగిరి గంతేశాను. ఇంగ్లీషు అనువాదాల్లో ‘మిల్లెట్’ అని ఊరుకుంటారు, ఏ చిరుధాన్యమో చెప్పరు. గిన్నె కొలత మూలంలో ‘అర షెంగ్’. గిద్దె అందామా సోల అందామా అని ఊగి, సోల దగ్గర ఆగాను.

జవాబు

సోలే బాగుంది. గిద్దె అంటే మరీ మందు గిన్నె. ‘తాట’ మాత్రం తీసేయండి, ‘తాట తీస్తా’ వినబడుతోంది. ‘తాడుకు’ అనండి. అప్పటి చైనా కాసులకు నడుమ చదరపు బెజ్జం ఉండేది, వందలకొద్దీ తాడుకు గుచ్చి కట్టేవారు. ఆ ముక్క అడుగున ఒక వాక్యంలో చెబితే చాలు.

ఎద్దు ఇనుపదెందుకని అడుగుతారు పాఠకులు. చైనాలో పెద్ద నదుల ఒడ్డున నిజంగానే ఇనుపెద్దులను పోతపోసి నిలబెట్టేవారు. 724లో పసుపునది రేవులో పడవల వంతెనకు కట్టుకొయ్యలుగా పోసిన ఎద్దులు 1989లో బయటపడ్డాయి. వరదకు కదలని ఎద్దు అన్నమాట. పద్యంలో దాన్ని చలించని సంకల్పంగా చదువుకోవచ్చు.

ప్రశ్న వేసినవారు

‘తాడుకు’ సరే. తర్వాతి జంట పాదాల్లో తావో ఆదిగురువు, నెరిసిన తల లావ్ త్సు కనుబొమలు నేలకు వేలాడతాయి, నీలికళ్ళ ‘హు’ సన్యాసి చేతులతో ఆకాశాన్ని ఎత్తి పట్టుకుంటాడు. పలకలో తల భాగంలో ఇద్దరి బొమ్మలూ ఉన్నాయి. ఆ సన్యాసి మన దేశం నుంచి చైనా వెళ్ళాడని చెప్పే బౌద్ధ గురువు బోధిధర్ముడంటున్నారు. దక్షిణాది రాజకుమారుడికి నీలికళ్ళేమిటి?

జవాబు

‘హు’ అంటే చైనాకు పడమట ఉన్న జాతుల మనిషి అని అర్థం, ఒకే దేశం కాదు. 547 నాటి లోయాంగ్ గుళ్ళ వర్ణనలో బోధిధర్ముణ్ణి పారశీక దేశపు హు అన్నారు. దక్షిణ భారతపు రాజు మూడో కొడుకన్న మాట ఆయన శిష్యుడిగా చెప్పే థాన్‌లిన్ రాసిన ముందుమాటలో ఉంది. కవి మొదటి కథ పట్టుకున్నాడు. మీరు ఊరు పేరు పెట్టకుండా ‘నీలికళ్ళ పడమటి సన్యాసి’ అనేయండి. ‘విదేశీ’ వద్దు, వీసా గుర్తొస్తుంది.