ట్రిపుల్ నెగెటివ్ రొమ్ము క్యాన్సర్: ఆపరేషన్‌కు ముందు కీమోలో ఎర్రమందు ఉండాలా, వద్దా?

తెనాలి తమ్ముడు
మా అక్కకు 43 ఏళ్లు. రొమ్ములో మూడు సెంటీమీటర్ల గడ్డ, చంకలోకి పాకలేదు. బయాప్సీలో ట్రిపుల్ నెగెటివ్ అని వచ్చింది, అంటే హార్మోన్ మాత్రలు, హెర్‌2 ఇంజెక్షన్లు పనిచేయవు. ఆపరేషన్‌కు ముందే కీమో అని ఇద్దరు డాక్టర్లూ అన్నారు. ఏ మందులన్న దగ్గరే తేడా. ఒకాయన పాక్లిటాక్సెల్, కార్బోప్లాటిన్ వారం వారం, ఆ తర్వాత ఏసీ నాలుగు సైకిళ్లు అన్నారు. ఏసీలో ఉండేది అడ్రియామైసిన్, అదే ఎర్రమందు. ఇంకొకాయన డోసిటాక్సెల్, కార్బోప్లాటిన్ ఆరు సైకిళ్లు చాలు, గుండెకు చేటుచేసే ఎర్రమందు వద్దన్నారు. నాకు రెండోదే సబబనిపిస్తోంది. ఇంట్లో అందరికీ టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి.

మల్లెపందిరి
తమ్ముడూ, నాకు 2019లో ఇవే మందులు ఇచ్చారు. ఎర్రమందు ఎక్కించిన రోజు మూత్రం ఎర్రగా వస్తే హడలిపోయాను, ఎవరూ ముందు చెప్పలేదు. మూడో వారానికి జుట్టంతా పోయింది. అయినా వదిలేయమని చెప్పను. ఆపరేషన్‌లో తీసిన ముక్కలో నాకు క్యాన్సర్ కొంచెం మిగిలింది. అందుకే ఆరు నెలలు కేప్‌సైటాబిన్ మాత్రలు ఇచ్చారు. అరచేతులు పగిలాయి కానీ ఇవాళ బాగున్నాను. ముందే కోసి తీసేస్తే, మందుకు ఏం లొంగిందో ఏం మిగిలిందో తెలిసేదే కాదు.

బెజవాడ బాబు
అక్కా, మీకు పడింది, మా అమ్మకు పడలేదు. అమ్మకు 61, బీపీ కూడా ఉంది. ఏసీ అయిన ఏడాదికి మెట్లెక్కితే ఆయాసం. మొదట్లో 60 ఉన్న గుండె పంపింగ్ ఎకోలో 38కి పడిపోయింది. మధ్యలో ఒక్కసారీ ఎకో తీయలేదు. అమెరికాలో నియోస్టాప్ అనే ట్రయల్‌లో ఎర్రమందు ఉన్న కోర్సునూ లేని కోర్సునూ పోల్చారు. ఆపరేషన్ నాటికి క్యాన్సర్ పూర్తిగా మాయమైనవారు రెండు వైపులా 54 శాతమే. ఎర్రమందు లేనివాళ్లకు బాధలూ తక్కువ. ఇంక ఎందుకు ఎక్కించాలి?

ఆంకాలజీ విద్యార్థి
బాబు గారూ, 54 నిజమే. కానీ అది 100 మందితో చేసిన చిన్న ట్రయల్. పైగా ముక్కలో కణాలు మాయమవడాన్ని డాక్టర్లు పీసీఆర్ అంటారు. ఒక మనిషికి అది వస్తే చాలా మంచి సూచన. రెండు కోర్సుల్లో ఏది మేలో తేల్చడానికి మాత్రం అదొక్కటే చాలదు. బీ-27 ట్రయల్‌లో ఏసీకి డోసిటాక్సెల్ కలిపితే పీసీఆర్ దాదాపు 13 నుంచి 26 శాతానికి పెరిగింది, కానీ బతికినవారి సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

కార్బోప్లాటిన్ విషయంలో మన దేశపు సాక్ష్యమే ఉంది. ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రిలో 720 మందితో, కొందరికి కార్బోప్లాటిన్ కలిపి, కొందరికి కలపకుండా ట్రయల్ చేశారు. అందరినీ కలిపి చూస్తే లాభం కచ్చితంగా తేలలేదు. 50 ఏళ్లలోపు వారిలో మాత్రం ఐదేళ్లకు బతికున్నవారు సుమారు 66 నుంచి 77 శాతానికి పెరిగారు. ఆ వయసు దాటినవారిలో ఆ లాభం కనబడలేదు. తమ్ముడి అక్కగారికి 43, కాబట్టి కార్బోప్లాటిన్ ఉండాలి. కానీ గమనించండి, ఆ ట్రయల్‌లో రెండు వైపులా ఎర్రమందు రకం మందు కూడా ఉంది. 61 ఏళ్లు, బీపీ అంటే నేనూ ఎర్రమందు వద్దనే అనేవాణ్ని.

డాలస్ తెలుగు
ఇక్కడ మా ఆవిడకు కీమోతో పాటు పెంబ్రోలిజుమాబ్ ఇచ్చారు, అది ఒంట్లోని రోగనిరోధక శక్తే క్యాన్సర్‌తో పోరాడేలా చేసే ఇమ్యునోథెరపీ మందు. కీనోట్-522 ట్రయల్‌లో ఐదేళ్లకు బతికున్నవారు 81.7 నుంచి 86.6 శాతానికి పెరిగారట. దాని గురించి అడిగారా?

ఆంకాలజీ విద్యార్థి
మూడు సెంటీమీటర్ల గడ్డకు అది వర్తిస్తుంది, తప్పకుండా అడగాలి. ఖర్చు లక్షల్లో ఉంటుంది. ఆ ట్రయల్‌లోనూ రెండు వైపులా కార్బోప్లాటిన్, ఎర్రమందు కోర్సే. రొమ్ము క్యాన్సర్ ముప్పు వంశపారంపర్యంగా వచ్చిందేమో చూసే బీఆర్‌సీఏ జన్యు పరీక్ష కూడా చేయించండి. ఆపరేషన్ ఎలా చేయాలన్నది దాన్నిబట్టి మారవచ్చు.

బెజవాడ బాబు
మీ లెక్కలన్నీ ఐదేళ్లవి. 43 ఏళ్ల మనిషి ఇంకో నలభై ఏళ్లు ఆ గుండెతోనే బతకాలి కదా? అది ఏ టేబుల్లోనూ కనబడదు. నాలుగు సైకిళ్ల మోతాదుకు గుండె దెబ్బతినేది కొద్దిమందికే అని మీరంటారు, ఒప్పుకుంటాను. ఆ కొద్దిమందిలో మా అమ్మ ఉంది. ఎకో తీయకుండా మాత్రం ఒక్క సైకిలూ ఎక్కించుకోవద్దు, తమ్ముడూ.

తెనాలి తమ్ముడు
రెండు రోజులు ఆలోచించాం. నేను ముందు అనుకున్నది మార్చుకున్నాను. కార్బోప్లాటిన్, ఆ తర్వాత ఏసీ. పెంబ్రోలిజుమాబ్ మా వల్ల కాదు. గురువారం ఎకో, బీఆర్‌సీఏకి రక్తం కూడా అప్పుడే ఇస్తాం. బాబు అన్న చెప్పినట్టు ఏసీ రెండో సైకిల్ తర్వాత మళ్లీ ఎకో తీయాలని డాక్టర్ గారిని అడిగితే సరేనన్నారు. అక్క మాత్రం జుట్టు గురించే అడుగుతోంది. మల్లెపందిరి అక్కా, ఒకసారి తనతో మాట్లాడతారా?