అణువుల మధ్య ఉన్నది సందా, ఎడమా?

“అణువుల మధ్య ఖాళీ ఘనంలో తక్కువ, ద్రవంలో ఎక్కువ, వాయువులో చాలా ఎక్కువ.” బడిలో పిల్లలతో వల్లె వేయించే వాక్యం ఇది. వింటే మూడూ సమానమైన మెట్లని అనిపిస్తుంది. అసలు లెక్క అలా లేదు. మూడింటికీ ‘ఖాళీ’ అనే ఒక్క మాటే వాడడం నాకు నచ్చట్లేదు.

మా నల్లగొండ దిక్కు బస్సు కిక్కిరిస్తే “కాలు పెట్ట సందు లేదు” అంటాం. పత్తి గింజలు పెట్టేటప్పుడు “జర ఎడం ఎడంగ పెట్టు” అంటాం. ఆనుకుని ఉన్నవాటి మధ్య మిగిలిన ఇరుకు సందు. ఒకటి ఇంకొకదానికి తగలనంత దూరం ఎడం. ఘనానికీ ద్రవానికీ సందు, వాయువుకు ఎడం అంటే సరిపోతుంది.

చాలా పదార్థాలు కరిగితే ఘనపరిమాణం పెరిగేది మహా అయితే పది, పదిహేను శాతం. అదే నీళ్లు 100 డిగ్రీల దగ్గర ఆవిరైతే దాదాపు 1,600 రెట్లు పెరుగుతాయి. అంటే అణువుకూ అణువుకూ మధ్య దూరం సుమారు 12 రెట్లవుతుంది. సూది లేని సిరంజిలోకి గాలి లాగి, మూతి వేలితో గట్టిగా మూసి నొక్కితే పిస్టన్ లోపలికి దిగుతుంది. గాలి బుడగ లేకుండా నీళ్లు నింపి నొక్కండి, కదలదు. పిల్లల చేతికే ఇచ్చి నొక్కమనాలి.

ఇది చదివి మహబూబ్‌నగర్ నుంచి ఒకరు అడిగారు: మరి మంచుగడ్డ నీళ్ల మీద తేలుతుంది కదా సార్? అక్కడ ఘనంలోనే సందు ఎక్కువ కాదా?

జవాబు: అవును, నీళ్ల సంగతి వేరే. గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి. మంచులో ప్రతి అణువూ చుట్టూ నాలుగింటిని హైడ్రోజన్ బంధాలతో (ఒక అణువులోని హైడ్రోజన్‌కూ పక్క అణువులోని ఆక్సిజన్‌కూ మధ్య ఉండే ఆకర్షణతో) పట్టుకుని నిలబడుతుంది, ఆ అల్లికలో ఎక్కువ చోటు మిగిలిపోతుంది. కరిగితే అల్లిక కొంత కూలి అణువులు దగ్గరకు జరుగుతాయి. అందుకే ఘనానికీ ద్రవానికీ తేడా చెప్పాలంటే సందు కన్నా ‘కుదురు’ అనే మాట మేలు. ఘనంలో అణువు ఉన్నచోటే కుదురుగా ఉండి కంపిస్తుంది. ద్రవంలో కుదురు ఉండదు, ఒకదాని పక్క నుంచి ఒకటి జారిపోతుంటాయి.

ఇంకొకరు: పరీక్షలో ‘సందు’ అని రాస్తే మార్కులు వేస్తారా?

జవాబు: పరీక్షలో పుస్తకంలోని మాటే రాయించండి. బోర్డు దగ్గర చెప్పేటప్పుడు మాత్రం సందు, ఎడం, కుదురు వాడి చూడండి.