చలికాలం ఘాట్ రోడ్డు మీద బ్రేకు పడితే బండి జారిపోతోంది, ఎలా పట్టాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నాది నర్సీపట్నం, ఉద్యోగం చింతపల్లిలో. వారమంతా అక్కడే గది తీసుకుని ఉంటాను, ఆదివారం తెల్లవారుతుండగా బండి మీద కిందికి దిగి సోమవారం పొద్దున్నే మళ్ళీ ఎక్కుతాను. బండి 125 సీసీ, 2021లో కొన్నది, ముందు డిస్కు, వెనక డ్రమ్ము. మొన్న ఆదివారం ఆరున్నర ప్రాంతంలో లంబసింగి దాటి ఘాట్ దిగుతున్నాను, వెనక మా తమ్ముడు కూర్చున్నాడు. వాన లేదు కానీ రాత్రంతా కురిసిన మంచుకి రోడ్డు నల్లగా తడిసి ఉంది. స్పీడు 40 లోపే. ఒక కుడి మలుపులో ఎదురుగా జీపు కనపడింది, కంగారులో కాలి బ్రేకు గట్టిగా తొక్కేశాను, వెనక చక్రం పక్కకి ఈడ్చుకుపోయి ఇద్దరం పడ్డాం. జీపతను ఆపి లేపాడు. హెల్మెట్లు ఉన్నాయి కాబట్టి నాకు మోకాలు, వాడికి మోచెయ్యి కొట్టుకుపోవడంతో సరిపోయింది.

నాకు అర్థం కానిది ఇది. బండి నేర్చుకున్న రోజు నుంచి ఇంట్లో చెప్పింది ఒకటే, తడి రోడ్డు మీద ముందు బ్రేకు ముట్టుకోకు, పల్టీ కొడతావు అని. నేను ముట్టుకోలేదు. అయినా పడ్డాను. ఇప్పుడు ఏ బ్రేకు పట్టాలన్నా చెయ్యి వణుకుతోంది. ఇంకా రెండు నెలలు చలి ఉంది, ఈ దారి తప్పదు. తెలిసినవాళ్ళు దయచేసి వివరంగా చెప్పండి.

జవాబు

తమ్ముడూ, ఇద్దరూ క్షేమంగా ఉన్నారు, అది చాలు. నేను పాడేరు, చింతపల్లి ఘాట్లలో చాలా ఏళ్ళుగా బండి నడుపుతున్నాను, నాకు తెలిసింది చెప్తాను.

ఇంట్లోవాళ్ళు నీ మంచి కోరే చెప్పారు కానీ ఆ మాట సగమే నిజం. ముందు బ్రేకు పట్టడం తప్పు కాదు, దాన్ని ఒక్కసారిగా గుంజడం తప్పు. బ్రేకు పట్టగానే బరువంతా ముందు చక్రం మీదికి వెళ్తుంది, వెనక చక్రం తేలికవుతుంది. పైగా నువ్వు దిగుతున్నావు, వాలులో ఆ బరువు ఇంకా ముందుకే పోతుంది. తేలికైపోయిన వెనక చక్రాన్ని కాలితో బలంగా తొక్కితే అది తిరగడం ఆపేస్తుంది, తిరగని చక్రానికి రోడ్డు మీద పట్టు ఉండదు, మలుపులో ఉన్నావు కాబట్టి అది బయటి వైపుకి కొట్టుకుపోయింది. కాలికి చేతికున్నంత సున్నితం ఉండదు, అందులోనూ చలిలో మందమైన బూట్లు వేసుకుంటే ఎంత తొక్కామో తెలియనే తెలియదు.

ఎలా పట్టాలంటే, ముందు యాక్సిలేటర్ పూర్తిగా వదిలెయ్యి. తర్వాత రెండు వేళ్ళతో ముందు బ్రేకు లివరు మెల్లగా దగ్గరికి తీసుకో, తడి బట్టని పిండేటప్పుడు మొదట్లో ఎంత నెమ్మదిగా పిండుతామో అలా. ముందు షాకబ్జర్లు కొంచెం కిందికి దిగినట్టు నీకే తెలుస్తుంది, అంటే బరువు ముందు టైరు మీదికి వచ్చింది, టైరు రోడ్డుని అదుముకుంది. ఆ తర్వాతే ఒత్తిడి కొంచెం కొంచెంగా పెంచు. కాలి బ్రేకు దాంతోపాటే తేలిగ్గా, ఆనీ ఆననట్టు. ఇదంతా బండి నిటారుగా ఉండగానే, మలుపుకి ముందే అయిపోవాలి. మలుపులోకి వంగాక టైరుకున్న పట్టులో సగం తిరగడానికే ఖర్చవుతుంది, మిగిలిన కాస్తలో బ్రేకు కూడా అడిగితే తడి రోడ్డు మీద ఇవ్వలేదు.

ఘాట్ దిగేటప్పుడు రెండో గేరు, మరీ నిటారు వాలైతే ఒకటో గేరు. ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకుల మీద భారం తగ్గుతుంది. గేరు తగ్గించాక మాత్రం క్లచ్ మెల్లగా వదులు, టక్కున వదిలితే అదీ వెనక చక్రాన్ని లాక్ చేస్తుంది. పెట్రోలు మిగులుతుందని ఇంజను ఆపేసి న్యూట్రల్‌లో దిగేవాళ్ళని రోజూ చూస్తాను, వాళ్ళని చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది, దయచేసి ఎవరూ ఆ పని చెయ్యకండి.

అడిగినవారు

అన్నా, చాలా థాంక్స్. రెండు అనుమానాలు. ఒకటి, 40 అంటే ఎక్కువ స్పీడేం కాదు కదా? రెండు, మళ్ళీ చక్రం లాక్ అయితే ఆ క్షణంలో ఏం చెయ్యాలి?

జవాబు

40 పొడి రోడ్డు మీద ఎక్కువ కాదు, తడి వాలులో ఎక్కువే. లెక్క చెప్తాను. గంటకి 40 అంటే సెకనుకి 11 మీటర్లు. ఎదురుగా జీపు కనపడి నీ చెయ్యి లివరు మీద పడేసరికే ఒక సెకను పోతుంది, అంటే 11 మీటర్లు ఊరికే వెళ్ళిపోయాయి. ఆ తర్వాత చదునైన పొడి తారు రోడ్డు మీద బాగా పట్టే బ్రేకులైతే 9, 10 మీటర్లలో ఆగుతుంది, అదే తడి రోడ్డైతే రమారమి 16 మీటర్లు పడుతుంది, వాలు ఉంటే ఇంకా ఎక్కువ. మొత్తం 27 మీటర్ల పైమాటే. అదే 20లో వెళ్తుంటే సెకనులో పోయేది అయిదున్నర మీటర్లు, బ్రేకు పట్టాక తడిలోనైనా 4 మీటర్లు. స్పీడు సగం చేస్తే బ్రేకు దూరం నాలుగో వంతుకి పడిపోతుంది. లంబసింగి పొగమంచులో ఒక్కోసారి 15 మీటర్ల అవతల ఏముందో కనపడదు, అప్పుడు నువ్వే చెప్పు ఎంతలో వెళ్ళాలో. కనపడుతున్న దూరంలో సగంలోనే ఆగగలిగినంత స్పీడే ఉండాలి, ఎందుకంటే ఎదుటివాడికీ అంతే కనపడుతోంది, వాడూ ఆగాలి.

లాక్ అయినప్పుడు: ముందు చక్రం లాక్ అయిందనిపిస్తే, హ్యాండిల్ తేలిపోయినట్టుంటుంది, వెంటనే లివరు వదిలేసి మళ్ళీ మెల్లగా పట్టాలి, అక్కడ ఆలోచించే టైము ఉండదు. వెనకది లాక్ అయి బండి ఇంకా తిన్నగానే ఉంటే కాలి బ్రేకు కొంచెం సడలించు. అప్పటికే వెనక బాగా పక్కకి వచ్చేసి ఉంటే మాత్రం బ్రేకు టపీమని వదలకు, చక్రానికి ఒక్కసారిగా పట్టు దొరికి బండి అటు పక్కకి ఎగరేసి పడేస్తుంది. చూపు రోడ్డు మీదే, నువ్వు వెళ్ళాల్సిన వైపే ఉంచు. లోయ వైపు చూస్తే బండి అటే పోతుంది.

ఇవన్నీ చదివితే రావు. ఏదైనా ఖాళీ మైదానంలో, వేరే బండ్లు తిరగని చోట, 20 స్పీడులో ముందు బ్రేకు ఒక్కటే మెల్లగా పట్టి ఆపడం ఇరవై సార్లు చెయ్యి. మొదట పొడి నేల మీద, తర్వాత రెండు బిందెల నీళ్ళు పోసి. చెయ్యి వణుకు పోయేది దీనివల్లే.

మరొకరు (బండ్ల మెకానిక్‌ని)

పైన అన్న చెప్పింది బాగుంది, ఒక్కటి చేరుస్తాను. మీ బండి 2021ది అన్నారు కదండీ. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే కొత్త బండ్లలో 125 సీసీ దాటినవాటికి ఏబీఎస్ (చక్రం లాక్ కాకుండా చూసేది), 125 సీసీ, అంతకంటే తక్కువ వాటికి కనీసం సీబీఎస్ (రెండు బ్రేకుల్నీ కలిపి పట్టించేది) తప్పనిసరి చేశారు. అంటే మీది సీబీఎస్ బండి అయ్యుంటుంది. అలాంటి బండిలో కాలి బ్రేకు తొక్కితే వెనకదే కాదు, ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది. మీరు ముందు బ్రేకు ముట్టుకోలేదని అనుకున్నారు, కానీ మలుపులో వంగి ఉండగా బలంగా తొక్కినప్పుడు అదీ కొంత పడే ఉంటుంది. సీబీఎస్ చక్రం లాక్ అవ్వకుండా ఆపదు, బ్రేకుని రెండు చక్రాలకి పంచుతుంది అంతే. లాక్ కాకుండా చూసేది ఏబీఎస్. అది కూడా చాలా బండ్లలో ముందు చక్రానికి మాత్రమే ఉంటుంది, వెనకది మామూలుగానే లాక్ అవుతుంది. ఏబీఎస్ ఉన్నవాళ్ళకి లివరు వేళ్ళ కింద టకటకమని కొట్టుకుంటే భయపడి వదిలెయ్యకండి, అది దాని పని అది చేస్తోంది. కాకపోతే రోడ్డుకి లేని పట్టుని ఏ సిస్టమూ తెచ్చివ్వలేదు.

ఒకసారి బండి చూపించండి. వెనక డ్రమ్ములో బ్రేకు షూలు ఒక పక్కే అరిగినా, దుమ్ము పట్టినా తొక్కగానే ఒక్కసారిగా పట్టేస్తాయి. డిస్కు బండైతే ప్యాడ్లు, బ్రేకు ఆయిలు చూపించుకోవాలి, ఆయిలు రెండేళ్ళకోసారి మార్చడం మంచిది. టైర్ల గాలి చల్లటి టైరులోనే, పొద్దున్నే చూసుకోండి. చలికి గాలి తగ్గుతుంది, అయిదారు డిగ్రీలు చల్లబడితే దాదాపు 1 పీఎస్ఐ పోతుంది. మధ్యాహ్నం ఎండలో నర్సీపట్నంలో పట్టించుకుని తెల్లవారుజామున పైన నడిపితే రెండు మూడు తక్కువే ఉంటుంది. కొందరు పట్టు కోసమని కావాలనే గాలి తగ్గిస్తారు, అలా చెయ్యకండి, చైను కవరు దగ్గరో వెనకో స్టిక్కరు మీద ఎంత రాసి ఉందో అంతే, వెనక మనిషి ఉంటే దానికి రాసిన లెక్క వేరు. టైరు గాట్లలో టీడబ్ల్యూఐ అని చిన్న దిమ్మెలుంటాయి, రబ్బరు వాటి మట్టానికి అరిగిందంటే ఇక తడి రోడ్డు మీద ఆ టైరు పనికిరాదు. కొత్త టైరు వేస్తే మొదటి నూట యాభై కిలోమీటర్లు జారుతుంది, అదీ గుర్తుంచుకోండి. చైనుకి స్ప్రే కొట్టినప్పుడు టైరు మీద పడితే వెంటనే తుడవాలి, దీని గురించి ఎవరూ చెప్పరు కానీ ఇలా పడినవాళ్ళని నేను చూశాను.

మరొకరు

నేను స్కూటీ మీద అరకు వైపు వెళ్తుంటానండీ, గేరు లేని బండ్లకి ఈ ఇంజను పట్టు సరిగ్గా దొరకదు. స్పీడు బాగా తగ్గి యాక్సిలేటర్ పూర్తిగా వదిలితే క్లచ్ విడిపోయి బండి ఊరికే దొర్లిపోతుంది. అనంతగిరి దిగేటప్పుడు బ్రేకు పట్టుకునే ఉండాల్సి వస్తోంది, కాసేపటికి కాలిన వాసన కూడా వస్తోంది. ఏం చెయ్యాలి?

జవాబు

అమ్మా, వాసన వచ్చిందంటే బ్రేకు వేడెక్కి పట్టు తగ్గుతోందని అర్థం. పట్టుకునే ఉండకండి. కొంచెం పట్టి స్పీడు 15కి దించి వదిలెయ్యండి, మళ్ళీ 20, 25 అయ్యాక పట్టండి. మధ్యలో బ్రేకుకి గాలి తగిలి చల్లారుతుంది. రెండు లివర్లూ వాడండి, ఒక్కదాని మీదే పెట్టకండి. వాసన వస్తే రోడ్డుకి బాగా పక్కగా, మలుపు కాని చోట ఆగి పది నిమిషాలు వదిలెయ్యండి, నీళ్ళు మాత్రం పొయ్యకండి.

ఇంకొకటి, రాత్రంతా బయట పెట్టిన బండికి డిస్కు మీద మంచు పట్టి ఉంటుంది, పొద్దున మొదటి బ్రేకు పడదు. బయల్దేరగానే నెమ్మదిగా వెళ్తూ రెండు మూడు సార్లు తేలిగ్గా పట్టి ఆరబెట్టుకోవాలి. చల్లటి టైరుకి కూడా మొదటి నాలుగైదు కిలోమీటర్లు పట్టు తక్కువే.

మరొకరు

మాది తూర్పు గోదావరి, మాకు ఘాట్ లేదు కానీ నవంబరు, డిసెంబరుల్లో రోడ్డంతా వడ్లు ఆరబోసి ఉంటాయి, పైన మంచు. మొన్న మా ఊరబ్బాయి దాని మీద బ్రేకు పట్టి పడ్డాడు. రైతుని తిట్టలేం, ఆరబెట్టుకోడానికి ఆయనకి వేరే చోటు లేదు.

జవాబు

గింజల మీద బ్రేకు అసలు పట్టకూడదండీ, గోలీల మీద నడిచినట్టే. దూరం నుంచి కనపడగానే, ఇంకా తారు మీద ఉండగానే స్పీడు తగ్గించేసుకుని, హ్యాండిల్ తిప్పకుండా, యాక్సిలేటర్ ఒకేలా ఉంచి తిన్నగా దాటెయ్యాలి. కల్వర్టు దగ్గర పాచి పట్టిన సిమెంటు, తెల్ల పెయింటు గీతలు, చెరకు ట్రాక్టరు నుంచి రాలిన ఆకు, మలుపులో డీజిల్ మరక, అన్నిటికీ ఇదే పద్ధతి. ఏబీఎస్ ఉన్నా గింజల మీద, కంకర మీద ఆగే దూరం పెరుగుతుందే కానీ తగ్గదు. డీజిల్ మరక తడి రోడ్డు మీద ఇంద్రధనుస్సు రంగుల్లో కనపడుతుంది, వీలైతే దాని మీదుగా వెళ్ళకుండా ముందే పక్కకి జరగాలి.

అడిగినవారు

అందరికీ మరోసారి థాంక్స్. ఈ వారం మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. వెనక షూ ఒకటి పూర్తిగా అరిగిపోయి ఉంది, రెండూ మార్చాడు. ముందు టైరులో స్టిక్కరు మీద ఉన్నదానికంటే 6 పీఎస్ఐ తక్కువ ఉంది. సాయంత్రాలు స్కూలు గ్రౌండులో ముందు బ్రేకు ప్రాక్టీసు చేశాను, రెండో రోజుకే లివరు మీద చెయ్యి నిలబడింది. ఉన్ని గ్లవ్స్ వేసుకుంటే లివరు జారుతోందని లెదరువి కొన్నాను. ఆదివారం ఆరున్నరకి బదులు ఎనిమిదింటికి బయల్దేరి, రెండో గేరులో, 25 దాటకుండా దిగాను. నేను పడిన మలుపు దగ్గర ఆగి చూశాను కూడా. ఎండ వచ్చినా అక్కడ చెట్ల నీడకి రోడ్డు ఇంకా తడిగానే ఉంది, అంచున కుళ్ళిన ఆకులు మెత్తగా పరుచుకుని ఉన్నాయి. ఆ రోజు అవి నాకు కనపడనే లేదు.

జవాబు

మంచి పని చేశావు తమ్ముడూ. ఆ మలుపు ఎక్కడుందో గుర్తులు చెప్తూ ఇక్కడ రాసిపెట్టు, సంక్రాంతి సెలవులకి చాలామంది పిల్లలు రాత్రి బయల్దేరి చీకట్లో ఆ దారినే వస్తారు.

అడిగినవారు

లంబసింగి నుంచి దిగుతుంటే ఎడమ పక్క చిన్న సిమెంటు కల్వర్టు వస్తుంది అన్నా, పిట్టగోడ ఒక వైపు విరిగి ఉంటుంది. అది దాటగానే వచ్చే కుడి మలుపు. కల్వర్టు మీద ఉండగానే స్పీడు తగ్గించేసుకోవాలి.