బాబు పిక్కల మీద వాతలు... పిల్లల హెల్ప్‌లైన్ 1098కి నేనే ఫోన్ చేయొచ్చా?

రాజోలు వైపు ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్నాను. నిన్న ఆరేళ్ల బాబుని తీసుకొచ్చి, సైకిల్ మీంచి పడ్డాడన్నారు. పిక్కల మీద చూస్తే అట్లకాడ అంచు దిగినట్టు మూడు వాతలు, అందులో ఒకటి పాతది. ఎలా తగిలిందిరా అంటే వాడు వాళ్ల బాబాయి మొహం వైపు చూశాడు, అంతే. డాక్టరుగారేమో "ఊళ్లోవాళ్లతో మనకెందుకమ్మా" అని ఆయింట్‌మెంట్ రాసి పంపేశారు.

లైంగిక వేధింపులైతే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి చెప్పి తీరాలని తెలుసు. మరి ఇలా కాల్చిన గాయాలకి ఎంఎల్‌సీ (మెడికో-లీగల్ కేసు, అంటే పోలీసులకి తెలిపే కేసుగా నమోదు) రాయమని నేను పట్టుబట్టొచ్చా? చైల్డ్‌లైన్ 1098కి నేనే చేస్తే నా పేరు బయటికొస్తుందా? సోమవారం కట్టు మార్చడానికి మళ్లీ వస్తారు. బాబాయిని బయట కూర్చోబెట్టి వాడితో ఎలా మాట్లాడాలి? ఇలాంటివి చూసినవాళ్లు చెప్పండి, టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.