రొయ్యలు వలిచే చేతులకి పొక్కులు, పగుళ్ళు: తామరా, ఎగ్జిమానా?

ఉండి వంతెన:
మా వదిన భీమవరం పక్కన రొయ్యల షెడ్డులో వలిచే పనికి వెళ్తారు. రోజుకి ఎనిమిది గంటలు ఐసు నీళ్ళలోనే చేతులు. ఆరు నెలలుగా రెండు చేతుల వేళ్ళ పక్కల సగ్గుబియ్యం గింజల్లాంటి నీటి పొక్కులు వస్తున్నాయి, ఎండాక పొట్టు రాలి పగుళ్ళు. రాత్రి దురదకి నిద్ర లేదు. అందరూ తామరంటున్నారు. మందుల షాపు ట్యూబు రాస్తే నాలుగు రోజులు తగ్గుతుంది, ఆపితే మళ్ళీ మొదలు. పని మానడం కుదరదు. ఏం చెయ్యాలండీ?

లంక గాలి:
ముందు ఆ ట్యూబు మీద చిన్నక్షరాలు చదవండి. క్లోబెటాసాల్ అనే స్టెరాయిడ్ పక్కన మైకొనజోలో (ఫంగస్ మందు), నియోమైసినో (యాంటీబయాటిక్) ఉంటే అది మూడు నాలుగు మందుల కలగూరగంప. స్టెరాయిడ్ వల్ల ఎరుపు, దురద రెండ్రోజుల్లో అణుగుతాయి. నిజంగా తామరే, అంటే ఫంగసే అయితే ఆ స్టెరాయిడ్ చాటున హాయిగా పాకి, అంచు చెరిగిపోయి, డాక్టరు కూడా ఒక చూపులో పోల్చుకోలేని రూపానికి వస్తుంది. ఎగ్జిమా (ఫంగస్ కాని, అంటుకోని చర్మపు వాపు) అయితే నియోమైసిన్‌కే కొత్త ఎలర్జీ రావచ్చు.

మనవైపు దురద పెట్టేదంతా తామరే కదా! అసలు తామర గుండ్రంగా, అంచు లేచి, మధ్యలో మానుతూ పాకుతుంది. చేతికొస్తే చాలాసార్లు ఒక్క చేతికే, దాంతోపాటు పాదాలకీ ఉంటుంది. గజ్జి అయితే వేళ్ళ సందులతో పాటు నడుము, బొడ్డు చుట్టూ, ఇంట్లో ఇంకొకరికీ దురద. రెండు చేతులకీ సగ్గుబియ్యం పొక్కులంటే ఎగ్జిమా వైపే మొగ్గు. తేల్చడానికి పొట్టు గీకి కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్) చుక్క వేసి ఫంగస్ ఉందేమోనని మైక్రోస్కోపులో చూస్తారు. కాకినాడ జీజీహెచ్ లాంటి పెద్దాసుపత్రి చర్మ విభాగంలో అడగండి. ఫంగస్ మందు రాసుకుని వెళ్తే ఉన్నది కూడా కనపడదు, ఏం రాశారో దాచకుండా చెప్పండి.

గట్టుమీది కొంగ:
ఎగ్జిమా అని తేలితే చేతులకి ఎక్కువగా రాసిచ్చేది మొమెటాసోన్ 0.1% గానీ క్లోబెటాసాల్ 0.05% గానీ, వేరే మందు కలవని స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్. అరచేతి తోలు మందం, హైడ్రోకార్టిసోన్ లాంటి తేలికపాటి స్టెరాయిడ్ అక్కడ పెద్దగా పనిచెయ్యదు. మొదటి తప్పు కొలత దగ్గరే జరుగుతుంది. చూపుడువేలు కొస నుంచి మొదటి గీత దాకా పిండితే అర గ్రాము, ఒక చేతికి అరచెయ్యి, వెనకవైపు కలిపి అంతే. రెండు చేతులకి రాత్రికి గ్రాము, అంటే 15 గ్రాముల ట్యూబు పదిహేను రోజులు రావాలి. రోజూ రాస్తూ నెలైనా మిగిలిందంటే భయపడి తుడిచినట్టు రాస్తున్నారన్నమాట.

రెండో తప్పు, మానగానే ఠక్కున ఆపెయ్యడం. పైకి నున్నగా కనిపించినా లోపల తోలు గట్టిపడటానికి నెలలు పడుతుంది. రోజూ రాసేది రోజు విడిచి రోజుకి, తర్వాత వారానికి రెండు రాత్రులకి దించుకుంటూ రావాలి, ఎన్నాళ్ళన్నది డాక్టరు చెప్తారు. ఆ ట్యూబు మొహానికి తాకనివ్వకండి.

మందు కంటే ఎక్కువ ఖర్చవ్వాల్సింది తెల్ల పెట్రోలియం జెల్లీ. చెయ్యి తడిసినప్పుడల్లా గుడ్డతో అద్ది, కాస్త చెమ్మ ఉండగానే రాయాలి. రాత్రి స్టెరాయిడ్ రాసిన అరగంటకి జెల్లీ దట్టంగా పట్టించి, నూలు తొడుగులు వేసుకుని పడుకోవాలి.

ఐసు గంప:
షెడ్డులో పద్ధతి మారకపోతే ఎన్ని ట్యూబులైనా వృథా. తొడుగు వేసుకుంటే చాలనుకుంటారు. రొయ్య ముల్లు గుచ్చుకుని సూదిబెజ్జం పడితే లోపలికి రొయ్య నీళ్ళు చేరి గంటల తరబడి చెయ్యి అందులోనే నానుతుంది. అది ఒట్టి చేతుల కంటే అధ్వాన్నం. లోపల పల్చటి నూలు తొడుగు, పైన పౌడరు లేని నైట్రైల్ (ఒక రకం సింథటిక్ రబ్బరు) తొడుగు. రోజుకి నాలుగైదు జతల నూలువి పెట్టుకుని, చెమ్మగా తగిలితే మార్చెయ్యాలి. దద్దురు మణికట్టు దగ్గర గీత గీసినట్టు ఆగితే అనుమానం తొడుగు మీదే. అప్పుడు ప్యాచ్ టెస్ట్ (ఏది పడట్లేదో తేల్చే పరీక్ష) కావాలి, వీపుకి పట్టీలు 48 గంటలుంచి, ఆ తర్వాత మళ్ళీ ఒకసారి చూస్తారు.

వలవడం మొదలెట్టిన అరగంటలోపే దద్దుర్లు లేస్తే సంగతి వేరు, రొయ్యే పడట్లేదేమో. దాంతో ఆయాసం కూడా ఉంటే ఆ పని ఆపి డాక్టరుకి చూపించాలి.

క్లోరిన్ నీళ్ళలో చేతులు ముంచాక మంచినీళ్ళతో కడిగి అద్దమనండి. ఇంటికొచ్చి నీచు వాసన పోవాలని నిమ్మచెక్క, బట్టల సబ్బు, కొబ్బరి పీచు పెట్టి తోమేస్తారు చూడండీ, షెడ్డులో జరిగిన దానికి రెట్టింపు పాడు అక్కడ!

ఉండి వంతెన:
తోముతారండీ, నిమ్మచెక్కతోనే. కొబ్బరినూనెలో పసుపు కలిపి రాయమంటున్నారు మా అమ్మమ్మ. ఇప్పుడు పొక్కులు పగిలి నీరు కారుతోంది.

గట్టుమీది కొంగ:
నీరు కారుతుంటే నూనె వద్దు. పొటాషియం పర్మాంగనేట్ లీటరు నీళ్ళకి 0.1 గ్రాము, ఇంట్లో అంత తూకం కుదరదు కాబట్టి లేత గులాబీ రంగు గుర్తు. వంకాయ రంగు వచ్చిందంటే తోలు కాలుతుంది. పలుకు మిగలకుండా కరిగాక పది పదిహేను నిమిషాలు ముంచాలి. గోళ్ళు గోధుమ రంగుకి తిరుగుతాయి, కంగారు పడొద్దు. రెండు మూడు రోజుల్లో కారడం ఆగగానే మానెయ్యాలి, లేకపోతే ఎండి మళ్ళీ పగులుతుంది. ఆరాక ఒట్టి కొబ్బరినూనె రాసుకోవచ్చు, పసుపు మాత్రం పగుళ్ళలో మంట పెడుతుంది. పసుపుపచ్చ పక్కులు, చీము, చేతి మీదుగా పైకి పాకే ఎర్రచార, జ్వరం వీటిలో ఏది కనపడినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.